పాలెం కూత: తుఫాను షెల్టరు మీద పాత మిల్లు సైరన్ – పని డైరీ

కావలికి తూర్పున సముద్రం ఒడ్డున ఉన్న మా పాలెంలో, తుఫాను షెల్టరు పైకప్పు మీద ఇప్పుడొక సైరన్ ఉంది. మూతపడిన ఒక రైస్ మిల్లులో షిఫ్టు మారేటప్పుడు కూసిన పాత కూత అది. నేను కావలిలో మోటారు వైండింగు షాపు నడుపుతాను. ఈ పనికి పద్దెనిమిది నెలలు పట్టింది. అందులో సగం, చేసిన తప్పులు దిద్దడానికే పోయింది. తీరంలో ఇంకో ఊరు ఇదే పనికి పూనుకుంటే ఆ సగమైనా వాళ్లకు మిగలాలని కొలతలు, ఖర్చులు, పొరపాట్లు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటిన నాటి సాయంత్రం, టముకు వేసే మనిషి మా వీధి చివర నిలబడి అరిచాడట. ఆ గాలిలో ఆయన నోరు కదలడం కనిపించింది గాని మాట వినపడలేదని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన ఉదయం వలల దగ్గర నేనే ఉన్నాను. ఎవరూ అరవలేదు, ఎవరికీ తెలియదు కాబట్టి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పుడు కబురు ముందే వచ్చింది, ఫోన్లకు సందేశాలూ వచ్చాయి. కానీ మా వాడలో కరెంటు పోయి, ఫోన్లు ఆరిపోయిన తరువాత వచ్చిన కబుర్లు సగం ఇళ్లకు చేరలేదు. 2024 జనవరిలో పని మొదలైంది. డబ్బు పడవకు ఇంత, ఇంటికి ఇంత అని ఊరే వేసుకుంది.

దశ 1: కూతను తిరిగి లేపడం (జనవరి–ఫిబ్రవరి 2024)

ఈ రకం సైరన్‌లో స్పీకరు ఉండదు. మోటారు ఇరుసుకు బిగించిన రోటరు గాలిని మధ్యలోంచి లాక్కుని అంచుల వైపు విసురుతుంది. దాని చుట్టూ కదలని గూడు ఒకటి ఉంటుంది. రెండింటికీ కిటికీలు ఉంటాయి. కిటికీకి కిటికీ ఎదురుపడితే గాలి బయటికి దూకుతుంది, గోడ ఎదురైతే ఆగిపోతుంది. గాలి అలా తెగి తెగి రావడమే కూత. మా రోటరుకు 10 కిటికీలు. మోటారు 1 హెచ్‌పీ త్రీఫేజ్, నిమిషానికి 2,850 చుట్లు. అంటే సెకనుకు 47.5 చుట్లు, 475 తెంపులు. కాబట్టి కూత స్వరం 475 హెర్ట్జ్. ఈ లెక్క గుర్తుంచుకోండి. స్వరాన్ని హెర్ట్జ్‌లలో చూపించే యాప్ ఒకటి ఫోనులో ఉంటే, నేల మీద నిలబడే మోటారు వేగం చెప్పవచ్చు. తరువాత ఒక పెద్ద పొరపాటు నాకు ఇలాగే దొరికింది.

విప్పి చూసినప్పుడు పరిస్థితి ఇది:

1. వైండింగు ఇన్సులేషన్ కొలిచే మెగ్గరు మీద 0.4 మెగాఓమ్, చాలా తక్కువ. చెమ్మ పట్టింది. ఎండబెట్టి, వార్నిష్ పోసి, కాల్చిన తరువాత 20 మెగాఓమ్ దాటింది. తిరిగి చుట్టాల్సిన అవసరం రాలేదు.
2. రెండు బేరింగులూ అరిగిపోయాయి. 6204 సైజు. మొదట రేకు మూత ఉన్నవి వేయబోయి ఆగి, రబ్బరు సీలు ఉన్నవి వేశాను. సముద్రం ఒడ్డున రేకు మూత నిలవదు.
3. రోటరుకూ గూటికీ మధ్య సందు 1.8 మిల్లీమీటర్లు. ఎప్పుడో ఎవరో తుప్పు గీకే పనిలో ఆకురాయితో అరగదీశారు.

మూడోదే అసలు జబ్బు. సందు ఎక్కువైతే గోడ ఎదురైనప్పుడు కూడా గాలి పక్కలనుంచి కారిపోతుంది. తెంపు సరిగా పడదు, కూత మెత్తబడుతుంది. గూటి లోపలికి లేతు మీద కొత్త రింగు చేయించాను. మొదటిసారి సందు 0.3 మిల్లీమీటర్లే ఉంచమన్నాను. నిమిషం మోగాక లోహం వేడెక్కి రింగు రోటరును తాకింది, నిప్పురవ్వలు లేచాయి. మళ్లీ లేతుకు పంపి 0.7 చేయించాను. షాపు వెనుక ఖాళీ స్థలంలో 30 మీటర్ల దూరం నుంచి కొలతలు ఇలా వచ్చాయి:

సందు 1.8 – 96 డెసిబెల్
సందు 0.3 – 102 డెసిబెల్ (రింగు రోటరును తాకేంత వరకు)
సందు 0.7 – 101 డెసిబెల్

కొలిచే మీటరులో ‘ఏ’, ‘సీ’ అని రెండు స్కేళ్లుంటాయి. నేను అన్నీ ‘సీ’లో కొలిచాను. ఈ స్వరం దగ్గర ‘ఏ’ స్కేలు సుమారు 3 డెసిబెల్ తక్కువ చూపిస్తుంది. ఏది వాడినా ఫరవాలేదు, మధ్యలో మార్చకూడదు. 30 మీటర్లే ఎందుకంటే సైరన్ల బలాన్ని అమెరికాలో 100 అడుగుల దూరంలో చెప్పడం వాడుక. కొత్త సైరన్ కొనేవాళ్లు అంకె ఒక్కటే చూడకండి, ఆ అంకె ఎంత దూరంలో తీసినదో అడగండి. ఒక్క మీటరు దూరంలో కొలిచి 130 అని రాసిన సైరనూ, 30 మీటర్లలో 101 అని రాసిన సైరనూ దాదాపు ఒకే బలం కలవి.

ఖర్చు: పాత కూత 6,500, రవాణా 800, బేరింగులు 520, వార్నిష్ పని 1,900, లేతు 3,200, శబ్దం కొలిచే మీటరు 2,900.
ఇప్పటికి మొత్తం: 15,820 రూపాయలు.

దశ 2: ఎక్కడ పెట్టాలి (మార్చి–మే 2024)

మొదట పంచాయతీ ఆఫీసు మీద పెట్టాం. ఊరికి నడుమ ఉంది, త్రీఫేజ్ లైను అక్కడే ఉంది. ఎత్తు 4 మీటర్లు. అలా పెట్టడం తప్పు.

పంచాయతీ ఆఫీసు నుంచి కొలతలు, గాలి లేని ఉదయం:
30 మీటర్లు – 101
60 మీటర్లు – 92
120 మీటర్లు – 82
240 మీటర్లు – 70
480 మీటర్లు – 58

అడ్డేమీ లేని మైదానంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్ తగ్గాలి. పుస్తకం లెక్క అంతే. మా దగ్గర 9 నుంచి 12 తగ్గింది. ఇళ్లు, సరుగుడు తోపు, మెత్తని ఇసుక అన్నీ తలా కాస్త మింగాయి. ఊళ్లలో సైరన్ చేరే దూరాన్ని అంచనా వేసేటప్పుడు రెట్టింపుకు 10 డెసిబెల్ పోతుందని ముందే వేసుకోమని అమెరికా విపత్తు సంస్థ ఫెమా మార్గదర్శకం చెబుతుంది. దాన్ని ముందే నమ్మి ఉంటే రెండు నెలలు మిగిలేవి.

వినపడడం అంటే ఏమిటో కూడా ఇక్కడే తేల్చుకున్నాం. చుట్టూ ఉన్న సద్దు కంటే కూత కనీసం 10 డెసిబెల్ ఎక్కువ ఉండాలి. పని చేసుకుంటున్న మనిషి తలెత్తడానికి అంత కావాలి. మా వీధుల్లో ఉదయం సద్దు 52. కెరటాల దగ్గర 64. సముద్రం ఎప్పుడూ ఊరుకోదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మగవాళ్లందరూ ఒడ్డునే వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. కూతను తుఫాను షెల్టరు మీదికి ఎక్కించే పని ఆ రోజుల్లో పెట్టుకున్నాం. షెల్టరు స్తంభాల మీద లేపిన కట్టడం కాబట్టి పైకప్పే 9 మీటర్లు, దాని మీద 3 మీటర్ల జీఐ పైపు. మొత్తం 12 మీటర్లు, అంటే 40 అడుగులు. పిడుగు తీగ కొన కంటే కూత కిందనే ఉండేలా చూసుకున్నాం.

షెల్టరు నుంచి కొలతలు, గాలి లేని ఉదయం:
60 మీటర్లు – 94
120 మీటర్లు – 87
240 మీటర్లు – 79
480 మీటర్లు – 71
720 మీటర్లు – 66
900 మీటర్లు (ఉత్తరం వాడ చివరి ఇల్లు) – 63

కూత అదే, మోటారు అదే. 480 మీటర్ల దగ్గర 58 ఉన్నది 71 అయింది. ముఖ్యంగా మారింది ఎత్తే. కెరటాల దగ్గర 75 వచ్చింది, అక్కడి 64 మీద 11 ఎక్కువ.

మే నెలలో మిట్టమధ్యాహ్నం మళ్లీ కొలిస్తే 480 మీటర్ల దగ్గర 66కు పడిపోయింది. మీటరు చెడిందనుకుని రెండు రోజులు వెతికాను. మీటరు బాగానే ఉంది. ఎండకు కాలిన నేల మీద కింది గాలి వేడిగా, పై గాలి చల్లగా ఉంటుంది. వేడిగాలిలో శబ్దం వేగంగా పోతుంది కాబట్టి దాని దారి పైకి వంగిపోతుంది. తెల్లవారుజామున దీనికి తలకిందులు, శబ్దం కిందికి వంగి దూరం పోతుంది. కాబట్టి తెల్లవారుజామున కొలిచి పని అయిపోయిందని అనుకోకండి. బాగా తక్కువ వచ్చే వేళ ఏదో వెతికి, ఆ అంకెనే పుస్తకంలో రాయండి.

ఒక జాగ్రత్త. మొదటి రోజు కూత పక్కనే నిలబడి మోగించిన కుర్రవాడికి మూడు రోజులు చెవుల్లో హోరు తగ్గలేదు. ఆ తప్పు నాది. 30 మీటర్ల దగ్గర 101 అంటే ఒక్క మీటరు దగ్గర 130. అప్పటి నుంచి మెట్ల తలుపుకు తాళం వేసి, కిందనుంచే మోగిస్తున్నాం. పైకి వెళ్లక తప్పనివాళ్లు చెవులకు మూత వేసుకునే వెళ్లాలి.

ఖర్చు: పైపు, పలకలు, బోల్టులు 5,400, 40 మీటర్ల కేబులు 3,600.
ఇప్పటికి మొత్తం: 24,820 రూపాయలు.

దశ 3: కరెంటు లేనప్పుడు (మే–జులై 2024)

తుఫాను వచ్చేది కరెంటు తీసేశాకే. బ్యాటరీ మీద మోగని సైరన్ మా ఊరికి అలంకారం కిందే లెక్క. ఇక్కడ నాలుగు సార్లు పడ్డాను.

ఒకటి. త్రీఫేజ్ మోటారు నేరుగా స్టార్టు చేస్తే మొదటి క్షణంలో మామూలు కరెంటుకు ఆరింతలు లాగుతుంది. అది మోయగల ఇన్వర్టరు మా డబ్బుతో రాదు. అందుకని సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీఫేజ్ ఇచ్చే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్ పెట్టాను. ఈ డ్రైవ్ ఇచ్చేది 230 వోల్టులే, కాబట్టి మోటారు పెట్టెలో పట్టీలు స్టార్ నుంచి డెల్టాకు (వైండింగులను కలిపే రెండు పద్ధతులు ఇవి) మార్చాలి. ఆ మార్పు మరిచిపోతే మోటారు తిరుగుతుంది గాని బలం ఉండదు. డ్రైవ్ మెల్లగా వేగం పెంచుతుంది కాబట్టి మొదటి కుదుపు ఉండదు. నిండు వేగంలో మోటారు కరెంటు 3.1 ఆంపియర్లు.

రెండు. స్నేహితుడి షాపులోని పాత ఇన్వర్టరు అరువు తెచ్చి కలిపాను. కూత మోగింది. చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం స్వరం బరువుగా అనిపించి ఫోను తీశాను. 385 హెర్ట్జ్. అంటే 2,310 చుట్లు మాత్రమే! 30 మీటర్ల దగ్గర 93 డెసిబెల్. నలభై సెకన్ల తరువాత డ్రైవ్ తనే ఆగిపోయింది. డ్రైవ్ తెర మీద లోపలి డీసీ వోల్టేజీ చూస్తే కారణం తెలిసింది. లైను మీద ఉన్నప్పుడు అది 320 దాకా ఉంటుంది, ఈ ఇన్వర్టరు మీద 228. అది చదరపు తరంగం ఇచ్చే చవక రకం. మామూలు కరెంటు తరంగం 230 అన్నా దాని శిఖరం 325 వోల్టులు, డ్రైవ్ పట్టుకునేది ఆ శిఖరాన్నే. చదరపు తరంగానికి శిఖరం లేదు, పైనంతా చదును. బల్బుకు, ఫ్యానుకు అది సరిపోతుంది. డ్రైవ్‌కు సరిపోదు. సైన్ వేవ్ ఇన్వర్టరు కొన్నాం. స్వరం తిరిగి 475కు వచ్చింది. చెవితో విని ‘మోగుతోంది’ అనుకుని వదిలేసి ఉంటే ఎనిమిది డెసిబెల్ పోగొట్టుకుని, నలభై సెకన్లకు ఆగిపోయే సైరన్‌ను నమ్ముకుని ఉండేవాళ్లం.

మూడు. ఎక్కి దిగే కూత కోసం వేగం పెంచడం, తగ్గించడం పెట్టాను. దిగే సమయం 2 సెకన్లు ఇస్తే ప్రతిసారీ ఓవర్ వోల్టేజీ అని ఆగింది. బరువైన రోటరును బలవంతంగా ఆపితే మోటారే జనరేటరై కరెంటును వెనక్కి తోస్తుంది. దాన్ని 7 సెకన్లు చేశాక మళ్లీ ఆగలేదు. ఇదే ఊపులో డ్రైవ్ మోటారుకు ఇచ్చే కరెంటును (కూత స్వరం కాదు) 50 హెర్ట్జ్ బదులు 55 హెర్ట్జ్ మీద నడిపి చూశాను. శబ్దం 2 డెసిబెల్ పెరిగింది, కరెంటు 4 ఆంపియర్లకు చేరింది, మోటారు ముట్టుకోలేనంత వేడెక్కింది. ఆ 2 డెసిబెల్ వదులుకున్నాను.

నాలుగోది ఎవరూ ముందుగా చెప్పని విషయం. మోగేటప్పుడు 24 వోల్టుల బ్యాటరీ నుంచి 48 ఆంపియర్లు పోతున్నాయి. మూడు నిమిషాలు మోగిస్తే 2.4 ఆంపియర్ అవర్లు. 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అది లెక్కలోది కాదు. కానీ ఇన్వర్టరు ఊరికే ఆన్‌లో ఉండి ఎదురుచూసేటప్పుడు 1.4 ఆంపియర్లు తాగుతుంది. 24 గంటలకు 33.6. బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి వాడుకోగలిగింది 75. అంటే ఒక్కసారి కూడా మోగకుండానే రెండు రోజుల మీద కొద్ది గంటల్లో అయిపోతుంది. మిచౌంగ్‌కు మా వాడలో మూడు రోజులు కరెంటు లేదు.

మార్చింది ఇది:
1. ఇన్వర్టరును ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచడం. మోగించే ముందు ఆన్ చేస్తే 8 సెకన్లలో సిద్ధమవుతుంది.
2. బ్యాటరీ ఛార్జింగు కోసం వేరే చిన్న ఛార్జరు దారి, దాంతో పాటు 100 వాట్ల సోలారు పలకలు రెండు.
3. పలకలను పైపుకు కాకుండా పైకప్పు పిట్టగోడ లోపలి వైపు తక్కువ ఎత్తులో బిగించడం. గాలికి తెరచాపలా లేస్తే పైపును కూడా లాక్కుపోతాయి.

జులై 20 రాత్రి లైను ఫ్యూజులు పీకేసి, సోలారు కూడా విడదీసి, నాలుగు రోజులు అలాగే వదిలేశాం. ఐదో రోజు తెల్లవారుజామున మూడు నిమిషాలు మోగించాం. 475 హెర్ట్జ్, ఎక్కడా తగ్గలేదు.

ఖర్చు: డ్రైవ్ 7,800, ఇన్వర్టరు 11,500, బ్యాటరీలు రెండు 27,000, సోలారు, కంట్రోలరు 8,600.
ఇప్పటికి మొత్తం: 79,720 రూపాయలు.

దశ 4: ఎవరి చేతిలో ఉండాలి (ఆగస్టు 2024)

సిమ్ పెట్టే రిలే ఒకటి తెచ్చాను. దానికి ఫోను చేస్తే కూత మోగుతుంది. మండలం నుంచే నేరుగా మోగించవచ్చు అనుకున్నాం. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఎవరో ప్రకటన కాల్ చేశారు, కూత మోగింది. బడిలో పిల్లలను ఉపాధ్యాయులు షెల్టరు వైపు నడిపించేశారు, ఇద్దరు ముసలివాళ్లు పరుగులో పడి మోకాళ్లు గీరుకున్నారు. ఏ నంబరు నుంచి వస్తే మోగాలో పరిమితం చేసే వీలు దానిలో ఉంది. నేను పెట్టలేదు.

పెద్ద ఊళ్లకూ ఇది తప్పలేదు. 2017 ఏప్రిల్‌లో అమెరికాలోని డల్లాస్ నగరంలో ఎవరో రేడియో సంకేతం పంపి 156 సైరన్లను అర్ధరాత్రి మోగించారు. దూరం నుంచి మోగించే దారి ఉంటే, ఆ దారికి తాళం కూడా ఉండాలి. పైగా తుఫానులో సెల్ టవరే ఉండదు. రిలే తీసేశాను. ఇప్పుడు షెల్టరు కింద ఇనుప పెట్టె, దానిలో తాళంచెవి స్విచ్చి. తాళంచెవులు రెండు: ఒకటి గ్రామ సచివాలయంలో, ఒకటి షెల్టరు పక్కింట్లో. మండల ఆఫీసు నుంచి మాట రావాలి, వచ్చిన వేళ, చెప్పినవారి హోదా పెట్టెలోని పుస్తకంలో రాసి మోగించాలి. ఒక్క మినహాయింపు పెట్టుకున్నాం. సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోతే ఎవరి మాట కోసమూ ఆగనక్కరలేదు.

ఖర్చు: రిలే 2,300 (వృథా), పెట్టె, స్విచ్చి 900.
ఇప్పటికి మొత్తం: 82,920 రూపాయలు.

దశ 5: ఉప్పు, కందిరీగలు (సెప్టెంబరు 2024)

వారానికోసారి రోటరును తిప్పాలని రాసుకున్నాం. షాపులో పని ఎక్కువై ఐదు వారాలు వెళ్లలేదు. వెళ్లి తిప్పితే పైపంతా వణికింది. పది కిటికీల్లో మూడింటిలో కందిరీగలు మట్టిగూళ్లు కట్టేశాయి. బరువు ఒక పక్కకు పోయింది. గూళ్లు తీసి, లోపలికీ బయటికీ పెద్ద కన్నుల స్టీలు జాలీ బిగించాను. జాలీకి ఒక డెసిబెల్ కూడా పోలేదు. 304 రకం స్టీలు బోల్టులకు అప్పటికే ఎర్రమరకలు వచ్చాయి, ఉప్పుకు ఇంకా బాగా తట్టుకునే 316 రకం వేశాను. రోటరు అంచుకు జింకు ప్రైమరు పూసి, మళ్లీ సందు కొలిచాను: 0.7 అలాగే ఉంది.

ఖర్చు: 2,450.
ఇప్పటికి మొత్తం: 85,370 రూపాయలు.

దశ 6: గాలి ఎదురైన రోజు (అక్టోబరు 2024)

బంగాళాఖాతంలో వాయుగుండం. అక్టోబరు 17 తెల్లవారుజామున అది మాకు దక్షిణంగా, చెన్నైకి ఉత్తరాన తీరం దాటింది. 16వ తేదీ ఉదయం మండలం నుంచి మాట వచ్చింది, 6.30కు కూత మోగించాం. ఊరిలో ముందే ఎంచుకున్న 14 చోట్ల కుర్రవాళ్లు కాగితాలతో నిలబడ్డారు. ఈశాన్యం నుంచి గొడుగు నిలవని గాలి, వాన.

విన్నది 9 చోట్ల. వినపడనిది 5 చోట్ల.

ఆ ఐదూ ఊరికి ఉత్తరాన, సముద్రం వైపు. మా ఊరికి ముందుగా నీళ్లు వచ్చేది అటువైపే. దక్షిణాన మాత్రం రోడ్డు మీద 1.4 కిలోమీటర్ల దూరంలో ఆటో నడిపే అతను విన్నాడు. గాలి లేని ఉదయం ఉత్తరం చివర 63 డెసిబెల్ కొలిచి సంతోషించిన మనిషిని నేనే. మొదట వచ్చిన ఆలోచన, గాలి శబ్దాన్ని ఎత్తుకుపోయిందని. లెక్క వేస్తే కుదరదు. ఆ గాలి సెకనుకు 10 మీటర్లనుకున్నా, శబ్దం 340 మీటర్లు పోతుంది. కారణం వేరు. నేల దగ్గర ఇళ్లు, చెట్లు అడ్డుపడి గాలి నెమ్మదిగా ఉంటుంది, పైన వేగంగా ఉంటుంది. గాలికి ఎదురు వెళ్లే శబ్దం పైన ఎక్కువ వెనక్కి తగ్గుతుంది, దాంతో దారి ఆకాశం వైపు వంగిపోతుంది. నేల మీద నిలబడినవాడి నెత్తి మీదుగా దాటిపోతుంది. అక్కడ ఒక శబ్దపు నీడ. బలం పెంచినా ఆ నీడ పోదు. ఎత్తు పెంచితే కొంచెం దూరం జరుగుతుంది.

ఇంకో లోపం కూడా అదే రోజు తెలిసింది. విన్నామన్న తొమ్మిది చోట్లా విన్నది వీధిలో నిలబడినవాళ్లు. 240 మీటర్ల దగ్గర ఒక రేకుల ఇంట్లోకి మీటరు తీసుకెళ్లాను. తలుపు వేసి ఉంది. రేకుల మీద వాన సద్దే 78. బయట గాలి లేని రోజున కూత 79. లోపలివాళ్లకు కూత చెవిన పడే వీలే లేదు. ఈ సైరన్లను ప్రపంచమంతటా ఆరుబయట ఉన్నవాళ్ల కోసమే లెక్కగట్టి పెడతారు. ఆ సంగతి నేను చదివాను, ఊరికి చెప్పలేదు. సైరన్ వచ్చింది కదా అని అంతకు ముందు ఇల్లిల్లూ తిరిగే కుర్రవాళ్లు ఆ ఉదయం తిరగలేదు. ఈ డైరీలో నన్ను ఎక్కువగా బాధపెట్టే వాక్యం ఇదే.

మార్చింది:
1. ఉత్తరం వాడ చివర చేతితో తిప్పే సైరన్. షెల్టరు కూత వినపడకపోయినా, తాళంచెవి తిప్పినవాళ్లు ఒక మనిషిని సైకిలు మీద అక్కడికి పంపాలి. కరెంటు, బ్యాటరీ ఏవీ అక్కరలేదు.
2. వినికిడి తగ్గినవాళ్లు, మంచం పట్టినవాళ్లు ఉన్న 11 ఇళ్ల జాబితా. ఒక్కో ఇంటికి ఇద్దరు కుర్రవాళ్లు. కూత మోగితే వాళ్లు ముందు ఆ ఇంటికే పోవాలి.
3. మిగతా ఇళ్లకూ తలుపు తట్టడం తిరిగి మొదలు. సైరన్ దానికి బదులు కాదని గ్రామసభలో నేనే నిలబడి చెప్పాను.

దశ 7: మోగింది సరే, ఏం చేయమని? (నవంబరు 2024–జూన్ 2025)

అక్టోబరు 16 సాయంత్రం షెల్టరులో ఒక పెద్దామె అడిగింది: “మోగింది సరే నాయనా, ఏం చేయమని మోగింది? నేను పొయ్యి ఆర్పి మంచం మీద కూర్చున్నాను.” ఆమెది తప్పు కాదు.

నేను మూడు రకాల కూతలు పెట్టాను: తుఫానుకు ఒకటి, సునామీకి ఒకటి, ప్రమాదం తొలగినప్పుడు ఒకటి. నవంబరులో మూడూ మోగించి, అర్థాలు చెప్పాం. నెల తరువాత 40 మందిని అడిగితే మూడూ సరిగా చెప్పినవాళ్లు 7 మంది. మిగతావాళ్లలో కొందరు తిరగేసి చెప్పారు. సునామీ కూతకు ‘ప్రమాదం పోయింది’ అని అర్థం చెప్పుకునే మనిషి ఒక్కరున్నా ఆ పద్ధతి పనికిరాదు. హవాయి దీవుల్లో నెలనెలా పరీక్షించే పెద్ద సైరన్ల వ్యవస్థ ఉండి కూడా, 2023 ఆగస్టులో లహైనా ఊరు కాలిపోతున్నప్పుడు వాటిని మోగించలేదు. సైరన్ అంటే సునామీ అనుకుని జనం కొండవైపు, మంటల వైపే పరుగెత్తుతారని భయపడ్డామని అధికారి చెప్పారు. ఆ నిర్ణయం మీద చాలా విమర్శ వచ్చింది. నాకు అందులో కనపడింది ఒకటే, ఆ కూతకు జనం మనసులో ఒక్క అర్థమే నాటుకుని ఉంది.

అందుకని మూడూ తీసేసి ఒక్కటే ఉంచాం. దాని అర్థం: ‘బయటికి రండి, మైకు వినండి.’ సంగతి ఏమిటన్నది మైకు చెబుతుంది. మైకు కూడా అదే బ్యాటరీ మీద.

ఎక్కి దిగే కూతే వాడుతూ వచ్చాం. 2025 మే 7న దేశమంతటా పౌర రక్షణ కసరత్తు జరిగింది, టీవీల్లో అందరూ చూశారు. ఎక్కి దిగే కూత రెండు నిమిషాలు మోగితే వైమానిక దాడి హెచ్చరిక, ఒకే స్థాయిలో రెండు నిమిషాలు మోగితే ప్రమాదం తొలగినట్టు. పౌర రక్షణ సైరన్ల శబ్దాన్ని కార్యక్రమాల్లో ఊరికే వాడవద్దని కేంద్రం మీడియాకు కూడా సూచన ఇచ్చింది. జూన్ మొదటి ఆదివారం మా నెలవారీ పరీక్షకు ఫోన్లు వచ్చాయి, యుద్ధమా అని. మా కూత ఆ రెండింటిలో దేనిలాగా ఉండకూడదని ఆ రోజే తీర్మానించుకున్నాం. ఇప్పుడు 15 సెకన్లు మోత, 10 సెకన్లు మౌనం, ఇలా ఐదు సార్లు. డ్రైవ్‌లో సెట్టింగు మార్చడానికి అరగంట పట్టింది. ఊరంతా కొత్త బోర్డులు రాయించడానికి రెండు వారాలు పట్టింది.

ఖర్చు: చేతి సైరన్ 4,200, బోర్డులు 1,800.
ఇప్పటికి మొత్తం: 91,370 రూపాయలు.

పరీక్షలు ఎలా చేస్తున్నాం

వారానికోసారి మూగ పరీక్ష. డ్రైవ్‌ను 5 హెర్ట్జ్ దగ్గర 20 సెకన్లు తిప్పడం. రోటరు మెల్లగా కదులుతుంది, పక్కింటికి కూడా వినపడదు. కరెంటు ఎంతో రాసుకోవడం. పోయిన వారం కంటే పెరిగితే పైన ఏదో అడ్డుపడుతోందని అర్థం. ఎలక్ట్రానిక్ సైరన్లలో కూడా చెవికి అందని స్వరంతో ఇలాంటి పరీక్షే చేస్తారు.

నెలకోసారి చిన్న మోత. మొదటి ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకు, ఒక్క 15 సెకన్లు. వేళ ఎప్పుడూ మార్చము. నెదర్లాండ్స్‌లో ఏళ్లుగా మొదటి సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి, ఫ్రాన్స్‌లో మొదటి బుధవారం మధ్యాహ్నానికి ఇలాగే మోగిస్తూ వచ్చారు. ఆ వేళ కాకుండా మోగితే అది నిజం అని జనానికి తెలియాలి. ఆకాశం ఉరుముతున్న రోజు, తుఫాను హెచ్చరిక ఉన్న రోజు చిన్న మోత మానేసి, మానినట్టు మైకులో చెబుతాం.

ఏడాదికి రెండుసార్లు నిండు పరీక్ష, మేలో ఒకసారి, అక్టోబరు మొదట్లో ఒకసారి. దీని వరుస:
1. ముందు రోజు సాయంత్రం, ఆ రోజు ఉదయం మైకులో చెప్పడం. పక్క పాలేలకు కూడా.
2. లైను ఫ్యూజులు పీకి 48 గంటలు ఆగడం.
3. 14 చోట్ల మనుషులు. వీలైతే గాలి ఉన్న రోజే.
4. ఐదు మోతలూ పూర్తిగా. 30 మీటర్ల దగ్గర డెసిబెల్, ఫోనులో హెర్ట్జ్, బ్యాటరీ వోల్టేజీ.
5. ఉత్తరం వాడ చేతి సైరన్‌కు మనిషి చేరడానికి పట్టిన నిమిషాలు.
6. 11 ఇళ్లకు కుర్రవాళ్లు చేరిన నిమిషాలు.

కొత్త మోతతో జూన్ 22న చేసిన నిండు పరీక్ష కొలతలు: 101 డెసిబెల్, 474 హెర్ట్జ్, మోత చివర బ్యాటరీ 24.1 వోల్టులు. దక్షిణపు గాలి. విన్నది 12 చోట్ల. వినపడని రెండూ దక్షిణం చివర, గాలికి ఎదురుగా. ఉత్తరం వాడకు సైకిలు చేరింది 6 నిమిషాల్లో. 11 ఇళ్లలో తొమ్మిదింటికి 5 నిమిషాల లోపు చేరారు. పదో ఇంటి కుర్రవాళ్లు ఇద్దరూ జువ్వలదిన్నె హార్బరు పనికి వెళ్లి ఉన్నారు, పదకొండో ఇంటికి తలుపు గడియ లోపలనుంచి పడి ఉంది. ఆ ఇంటి తాళం నకలు ఒకటి పక్కింట్లో ఉంచమని వాళ్ల కొడుకుతో మాట్లాడాను. దక్షిణం చివరకు రెండో చేతి సైరన్ కోసం 4,200 రూపాయలు ఇంకా పోగవ్వాలి, ఇప్పటికి 1,700 వచ్చాయి.